పేరు రాసి పెట్టని ఫోల్డర్ ఎవరిది? – కోడ్ రివ్యూ, అప్రూవల్ జిమ్మేదారీల మీద హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం

అందరికి నమస్తే. సార్లకు, మేడంలకు, ఎండల పడి వచ్చిన తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు. వెనకాల కూసున్నోళ్ళకు వినవస్తుందా? ఆ, మంచిది.

నన్ను కోడ్ రివ్యూ మీద మాట్లాడుమన్నరు, అంటే ఒకరు రాసిన ప్రోగ్రాం ఇంకొకరు చదివి తప్పులు చూసుడు. రివ్యూల ఏం చూడాలె, ఫంక్షన్ ఎంత పొడుగుండాలె, పేర్లు ఎట్ల పెట్టాలె, ఆ ముచ్చట చెప్పెటోళ్ళు మస్తు మంది ఉన్నరు. నేను దానికంటె ముందుగాల తేల్చుకోవాల్సిన సంగతి చెప్త. ఏ ఫోల్డర్ ఎవరి జిమ్మ, ఎవరు సరే అంటే (అదే అప్రూవల్) కోడ్ మెయిన్ బ్రాంచ్‌లకు, అంటే అందరు వాడే అసలు కాపీ లోపటికి, పోతది, ఆ మనిషి పెండ్లికో మేడారం జాతరకో పోతే ఎవరు చూస్తరు. ఇది రాసి పెట్టుకోకుండ నడిచే ప్రాజెక్టులు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నయి, మంచి పిల్లలు మంచి కోడ్ రాసి కూడ అక్కడ విసిగిపోతున్నరు, అది చూస్తే నాకు బాధయితది.

ఎట్ల మొదలైతదో మీకందరికి తెలుసు. నలుగురు దోస్తులు హాస్టల్ రూంల కూసొని ఒక యాప్ మొదలుపెడ్తరు, ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర చూపించేదో, బస్సు టైములు చూపించేదో ఏదో ఒకటి. నలుగురే కాబట్టి ఎవడేం రాసిండో అందరికి తెలుసు, రివ్యూ అంటే పక్కకు తిరిగి అరేయ్ జర చూడుర అంటే అయిపోతది. తర్వాత చదువులైపోయి ఒకడు మడికొండ ఐటీ పార్కుల చేరుతడు, ఇద్దరు హైదరాబాద్ పోతరు, ఒకామె డాలస్ పోతది, ఇంకో పది పదిహేను మంది జూనియర్లు కొత్తగ వచ్చి చేరుతరు. ప్రాజెక్ట్ పెద్దగైంది గాని పద్ధతి మాత్రం హాస్టల్ రూంలదే. ఇప్పుడు ఒక జూనియర్ పిల్ల పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు చూసి కలుపుకోండ్రి అని అర్జీ, పెడ్తది, వాట్సాప్ గ్రూపుల ఎవరన్నా జర చూడుండ్రి అని మెసేజ్ పెడ్తది, గ్రూపుల ఉన్న ఇరవై మంది చూస్తరు, ఇరవై మంది కూడ వేరేటోళ్ళు చూస్తరు తియ్ అనుకుంటరు. నాలుగు రోజులకు మళ్ళ అడుగుతది. వారానికి ఎవరో ఒకరు జాలిపడి ఫైల్ తెరవకుండనే అప్రూవ్ కొట్టేస్తరు. ఆ పిల్ల సంతోషపడ్తది, కోడ్ లోపటికి పోతది. ఇగ ఆ కోడ్ ఎవరు చూసినట్టు? ఎవ్వరు చూడలేదు, పక్కన పచ్చ టిక్కు మాత్రం ఉన్నది. టిక్కు లేకపోతే చూడలేదని అందరికి తెలిసేది, టిక్కు ఉన్నందుకు చూసిన్రనుకొని ఇంకెవ్వరు దాని జోలికి పోరు. అందుకే చూడకుండ కొట్టిన అప్రూవల్ అసలు అప్రూవల్ లేకపోవుడుకంటె చెడ్డది అంట నేను.

మనది చెరువుల జాగ. పాఖాల, రామప్ప, లక్నవరం, కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు, మీది చెరువు మత్తడి దుంకితే నీళ్ళు కింది చెరువుకు పోతయి. ఊళ్ళె తూము కాడ ఎవరుండేటోళ్ళు? నీరటి. కట్టకు బుంగ పడ్డదంటే ఎవరైనా ఒర్రొచ్చు, నా మడికి నీళ్ళు ఎక్కుతలేవని ఏ రైతైనా అడగొచ్చు, అందరి కండ్లు చెరువు మీదనే ఉండాలె, ఉంటేనే మంచిది. గాని తూము ఎత్తేది దించేది నీరటి. నీళ్ళు తక్కువైన ఏడు ఎవర్ని అడగాల్నో ఊరందరికి తెలుసు. నేను ఇయ్యాల చెప్పాలనుకున్నది మొత్తం ఇంతనే: రివ్యూ అందరు చేయొచ్చు, చేయాలె కూడ, అప్రూవల్ మాత్రం పేరు రాసి ఉన్న మనిషే ఇయ్యాలె, ఆ పేరు అందరికి కనపడే జాగల ఉండాలె. ఇగ అది ఎట్ల చేయాలె, ఎక్కడ తప్పుతది అనేదే మిగిలిన ముచ్చట.

ముందుగాల లైనక్స్ కెర్నెల్, అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, చూద్దాం, ఎందుకంటే ఇంతకంటె పెద్ద షేర్డ్ ప్రాజెక్ట్ దొరుకుడు కష్టం. దాంట్ల మెయింటైనర్స్, అంటే బాగోగులు చూసుకునేటోళ్ళు, అని ఒక ఫైల్ ఉంటది, మామూలు టెక్స్ట్ ఫైల్. ప్రతి సబ్‌సిస్టంకు, అంటే కెర్నెల్‌ల ఒక్కో భాగానికి, ఒక ముక్క, ఆ ముక్కల ఎం అని పెట్టి మెయింటైనర్ పేరు, ఆర్ అని పెట్టి రివ్యూయర్ పేరు, ఎఫ్ అని పెట్టి ఏ ఫైళ్ళు వాళ్ళ కిందికి వస్తయో రాస్తరు. గెట్ మెయింటైనర్ అని ఒక స్క్రిప్ట్ ఉన్నది, మీ ప్యాచ్, అంటే మీరు చేసిన మార్పు, దానికిస్తే ఇది ఫలానోళ్ళకు పంపు అని తీసి చెప్తది, వాట్సాప్ గ్రూపుల అడిగే పని లేదు. నాకు ఆ ఫైల్‌ల అన్నిటికంటె నచ్చింది ఎస్ అనే లైను, అంటే స్టేటస్. సపోర్టెడ్ అంటే ఆ పని చూసుకునుడుకు ఒకరికి జీతం వస్తుంది. మెయింటెయిన్డ్ అంటే చూసుకునే మనిషి ఉన్నడు. ఆడ్ ఫిక్సెస్ అంటే తీరిక దొరికినప్పుడు చూస్తడు, ఎక్కువ ఆశ పెట్టుకోకుండ్రి. ఆర్ఫన్ అంటే ఎవ్వరు లేరు, మీకు ఇష్టముంటే తీసుకోండ్రి. ఎంత నిజాయితీ ఉన్నదో చూడుండ్రి. ఎవ్వరు లేరు అని రాసుకునుడు సిగ్గు కాదు, అట్ల రాస్తేనే కొత్తోళ్ళు వచ్చి నేను తీసుకుంట అంటరు. మన దగ్గర ఏమైతదంటే మూడేండ్ల కింద వెళ్ళిపోయిన మనిషి పేరు రీడ్‌మీల, అంటే ప్రాజెక్ట్ పరిచయం ఫైల్‌ల, అట్లనే ఉంటది, కొత్త పిల్లలు ఆయనకు మెసేజ్‌లు పెట్టి పెట్టి ఊకుంటరు.

కెర్నెల్‌ల ఇంకో మంచి సంగతి, ఒక్క అప్రూవ్ బటన్ మీద అన్నీ పడెయ్యరు. సైన్డ్ ఆఫ్ బై వేరు, రివ్యూడ్ బై వేరు, ఆక్డ్ బై వేరు, టెస్టెడ్ బై వేరు. సైన్డ్ ఆఫ్ బై అంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకున్నదని దస్కతు, అది 2004ల మొదలైంది, దానికి ముందటి ఏడు ఎస్‌సీవో కంపెనీ మా కోడ్ లైనక్స్‌ల కలిపిన్రని ఐబీఎం మీద వేసిన కేసుతోని ఏ లైను ఎక్కడికెళ్ళి వచ్చిందో చెప్పగలగాలె అని అందరికి గట్టిగ అర్థమైంది. రివ్యూడ్ బై అంటే నేను టెక్నికల్‌గ మొత్తం చదివిన, నాకు తోచినవి అడిగిన, సరిపోయిన జవాబులొచ్చినయి అని. ఆక్డ్ బై అంటే నా ఏరియా దీంట్ల తగులుతుంది, నాకు అభ్యంతరం లేదు, అంతే, మొత్తం చదివిన అని కాదు. టెస్టెడ్ బై అంటే నా మిషన్ మీద నడిపి చూసిన. మన ప్రాజెక్టులల్ల ఈ నాలుగు కలిపి ఒక్క పచ్చ టిక్కు చేసినం, తర్వాత ఏదన్నా పలిగినప్పుడు నేను టెస్ట్ చేసిన అనుకున్న, నువ్వు చదివినవ్ అనుకున్న అని కొట్లాడుకుంటరు. మీరు ఈ ట్యాగులే వాడుమని అంటలేను, అప్రూవ్ కొట్టేటప్పుడు కింద ఒక్క లైను రాయుండ్రి: డేటాబేస్ మార్పు చదివిన, స్క్రీన్ చూడలేదు. అది చాలు, ఆ ఒక్క లైనుతోని ఎంత గొడవ తగ్గుతదో చూడుండ్రి.

ఇగ మనలో ఎక్కువ మంది వాడేది గిట్‌హబ్, కోడ్ పెట్టుకొని అందరు కలిసి పని చేసే వెబ్‌సైట్. 2017ల కోడ్‌ఓనర్స్ అని ఒక ఫైల్ పద్ధతి తెచ్చిన్రు. రిపోల, అంటే ప్రాజెక్ట్ ఫైళ్ళన్ని ఉండే జాగల, పైన గాని, డాక్స్ ఫోల్డర్ల గాని, డాట్ గిట్‌హబ్ ఫోల్డర్ల గాని ఆ ఫైల్ పెట్టుకోవచ్చు. ఎడమ దిక్కు ఫోల్డర్ దారి (పాత్), కుడి దిక్కు ఓనర్ పేరో టీం పేరో. పుల్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఆ దారిల ఫైల్ ముట్టుకుంటే ఓనర్‌కు రివ్యూ రిక్వెస్ట్ దానంతట అదే పోతది. ఇంతవరకు అందరికి తెలుసు. తెల్వక దెబ్బ తినేవి ఉన్నయి, వాటి మీద కొంచెం ఆగుత, పెన్ను ఉన్నోళ్ళు రాసుకోండ్రి.

ఒకటి, ఒక ఫైల్‌కు రెండు మూడు లైన్లు సరిపోలితే చివరికి ఉన్న లైనే చెల్లుతది, పైవి చెల్లవు, కలవవు. చాలామంది పైన స్టార్ పెట్టి, అంటే అన్ని ఫైళ్ళకు అని, సీనియర్ పేరు రాస్తరు, కింద పేమెంట్ ఫోల్డర్‌కు ఇంకొకరి పేరు రాస్తరు, పేమెంట్‌కు ఇద్దరు కావాలె అనుకుంటరు. కాదు, కింది ఆమె ఒక్కతే. ఇంకోటి, ఒకే లైన్ల ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరు సరే అనాలె అని కాదు, ఇద్దరిల ఎవరు సరే అన్నా పోతది. ఎంతమంది అప్రూవ్ చేయాలె అనే లెక్క బ్రాంచ్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్‌ల వేరేగ ఉంటది, కోడ్ ఓనర్ రివ్యూ తప్పనిసరి అనే టిక్కు కూడ అక్కడనే పెట్టాలె. ఆ టిక్కు పెట్టకపోతే కోడ్‌ఓనర్స్ ఫైల్ ఓనర్‌కు ఖబర్ పంపి ఊకుంటది, ఎవర్ని ఆపదు. ఇంకా, ఓనర్‌గ రాసిన మనిషికి రిపోల రైట్ యాక్సెస్, అంటే రాసే హక్కు, లేకపోతే ఆ పేరు లెక్కల ఉండదు, మెర్జ్ కాడ, అంటే కోడ్ కలిపే కాడ, గట్టిగ గంట కూడ కొట్టదు, మీరే ఆ ఫైల్ తెరిచి చూసుకోవాలె. స్పెల్లింగ్ తప్పున్నా అంతే.

అప్రూవల్ ఇచ్చినంక మళ్ళ కొత్త కమిట్లు, అంటే కొత్త మార్పులు, పెడ్తే ఏంది? పాత అప్రూవల్ అట్లనే ఉంటది, మీరు సెట్టింగ్‌ల పాత అప్రూవల్స్ కొట్టేయాలె అని పెట్టుకుంటే తప్ప. ఇది పెట్టుకోండ్రి. పొద్దుగాల పది లైన్లు చూసి సరే అన్న, మాపటీలి దాంట్లనే ఇంకో రెండొందల లైన్లు కలిపితే నా పేరు ఆ రెండొందలకు కూడ పోతది, నేను చూడని దానికి నా జవాబుదారి ఎట్లుంటది? అట్లనే అడ్మిన్లు ఈ రూల్స్ దాటిపోయే దారి మూసేయుండ్రి. పెద్దోళ్ళకు రూల్ లేకపోతే చిన్నోళ్ళు దాన్ని రూల్ అనుకోరు.

ఆఖరికి, ఆ కోడ్‌ఓనర్స్ ఫైల్‌కు కూడ ఓనర్ పేరు రాయాలె. డాట్ గిట్‌హబ్ కింద వర్క్‌ఫ్లోలకు (వాటంతట అవే నడిచే పనులు), బిల్డ్ స్క్రిప్ట్‌లకు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాం చేసేవి), టెస్ట్ ఫోల్డర్‌కు, అన్నిటికి రాయాలె. సోర్స్ ఫోల్డర్‌కు పేర్లు పెట్టి ఇవన్నీ వదిలేసుడు నేను ఎక్కువగ చూసే తప్పు.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్న అంటే ఎక్స్‌జీ అనే ఫైళ్ళు కుదించే సాఫ్ట్‌వేర్ సంగతి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టిండు. ఆయన మిషన్ల ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, అంటే దూరంకెళ్ళి మిషన్ల చేరే దారి, అర సెకను లేటైతుందని అనుమానమొచ్చి తవ్వుకుంట పోతే, లైనక్స్‌ల అందరు వాడే ఎక్స్‌జీ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల దొంగదారి పెట్టి ఉన్నది. ఆ ప్రాజెక్టును ఏండ్ల తరబడి ఒక్క మనిషే తీరిక సమయంల జీతం లేకుండ నడిపిండు. జియా టాన్ అనే పేరుతోని ఒకరొచ్చి రెండేండ్లకు పైగ ఓపికగ మంచి ప్యాచులు పంపి నమ్మకం సంపాయించి, ఇంకోదిక్కు వేరే పేర్లతోని కొందరు ఆ మెయింటైనర్ మీద లేటు చేస్తున్నవ్, ఇంకొకరికియ్యి అని ఒత్తిడి పెట్టి, చివరికి కో మెయింటైనర్ అయి రిలీజ్‌లు కూడ తనే చేసే దాక వచ్చిండు. దొంగ కోడ్ యాడ పెట్టిండు? టెస్ట్ ఫైళ్ళల్ల, అవి బైనరీ, ఎవ్వరు తెరిచి చదవరు. దాన్ని బయటికి తీసే బిల్డ్ స్క్రిప్ట్ రిలీజ్ టార్‌బాల్‌ల, అంటే అందరికి పంచే మూటల, మాత్రమే ఉన్నది, గిట్‌ల, అంటే అందరు చూసే కోడ్‌ల, లేదు. అంటే రివ్యూ కండ్లు పోని జాగలే ఏరుకున్నడు. ఆ పాత మెయింటైనర్‌ను తప్పుపట్టుడు నాకు మనసొప్పది, ప్రపంచమంతా ఆయన పని వాడుకున్నది, పక్కన నిలబడ్డోళ్ళు లేరు. ఒక్కని మీద బరువేస్తే వాడు అలిసిపోతడు, అలిసిపోయినోడు మొదట చెయ్యి చాపినోనికి తాళం చెవి ఇస్తడు.

ఇంటర్నెట్‌ల డేటాకు తాళమేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌ల హార్ట్‌బ్లీడ్ అనే తప్పు కూడ గుర్తుపెట్టుకోండ్రి. 2011 డిసెంబర్ 31న ఆ కోడ్ లోపటికి పోయింది, 2014 ఏప్రిల్‌ల బయటపడ్డది. అవతలోడు ఇంత పొడుగు డేటా ఉన్నది అని చెప్తే నిజంగ అంత ఉన్నదా అని చూసుకోకుండ మెమరీల ఉన్నది తిరిగిచ్చేసింది, ఒక్కసారికి 64 కిలోబైట్ల దాక. ఆ కోడ్‌ను ఒకరు రివ్యూ చేసే పెట్టిన్రు. దాని తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ల ఇద్దరి రివ్యూ లేకుండ ఏదీ పోవద్దని పెట్టుకున్నరు. అందుకే నా మాట, ప్రతి ఫోల్డర్‌కు రెండు పేర్లు. ఒక్కటి వద్దు. పది కూడ వద్దు, పది పేర్లు రాస్తే మళ్ళ వాట్సాప్ గ్రూప్ కథనే.

సర్వర్ల మీద యాప్‌లు నడిపే కుబెర్నెటీస్ ప్రాజెక్ట్‌ల ఇది ఇంకో తీరుగ చేసిన్రు, నాకు మస్తు నచ్చింది. ఫోల్డర్ ఫోల్డర్‌కు ఓనర్స్ అనే చిన్న ఫైల్ ఉంటది, దాంట్ల రెండు పట్టీలు, రివ్యూయర్లు, అప్రూవర్లు. రివ్యూయర్ కోడ్ చదివి ఎల్‌జీటీఎం అంటడు, అంటే నాకు బాగనే ఉన్నది అని. అప్రూవర్ దాని మీద అప్రూవ్ అంటడు, ఆయన చూసేది వేరే: ఇది అసలు మన ప్రాజెక్ట్‌ల ఉండాల్నా, మిగిలిన దానితోని సరిపోతదా, రేపు దీన్ని మోయగలమా అని. రెండు పడ్డంక, టెస్టులు పాసైనంక బాట్ అనే ప్రోగ్రామే మెర్జ్ చేస్తది, మనిషి బటన్ కొట్టే పని లేదు. లోపటి ఫోల్డర్ల ఓనర్స్ ఫైల్ లేకపోతే పై ఫోల్డర్ది చెల్లుతది. పని తగ్గించుకున్నోళ్ళను ఎమెరిటస్ అని వేరే పట్టీల పెడ్తరు, పేరు ఉంటది, గౌరవం ఉంటది, రివ్యూ రిక్వెస్ట్‌లు మాత్రం పోవు. మన దగ్గర పేరు తీసేసుడంటే అవమానం అనుకుంటరు, సీనియర్ అన్న ఏమనుకుంటడో అని ఎవ్వరు ముట్టుకోరు. ఎమెరిటస్ పట్టీ ఉంటే ఆ మొహమాటం పోతది.

టైం సంగతి ఒక మాట. గూగుల్ వాళ్ళు బయటికి ఇచ్చిన రివ్యూ గైడ్‌ల రివ్యూ రిక్వెస్ట్‌కు ఎక్కువల ఎక్కువ ఒక పనిదినంల జవాబియ్యాలె అని ఉన్నది. 100 లైన్ల మార్పు మామూలుగ సరిపోతది, 1000 లైన్లు అంటే చాలా పెద్దది అని కూడ ఉన్నది. మొత్తం చక్కగ లేకున్నా కోడ్ ఇంతకుముందటి కంటె మంచిగైతుంటే ఆపకుండ్రి అని కూడ అంటరు. మనం జీతం లేకుండ సాయంత్రాలు చేసే ప్రాజెక్ట్‌లల్ల ఒక్క రోజు కష్టమే, రెండు మూడు రోజులు పెట్టుకోండ్రి, గాని ఎంతో ఒకటి రాసి పెట్టుకోండ్రి.

మన తెలుగోళ్ళ ప్రాజెక్ట్‌లకు ప్రత్యేకంగ ఒకటున్నది. 2018 ఫిబ్రవరిల ఐఫోన్లల్ల జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేక తీరుగ టైపై వస్తే చాలు యాప్‌లు కూలిపోయినయి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తోని సరిచేసింది. మన అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి, కిందికి దిగుతయి, దాన్ని చూపించే కోడ్ ఎంత సున్నితమో అప్పుడు లోకానికి తెలిసింది. ఫాంట్లు, టెక్స్ట్, అనువాదం ఫైళ్ళు, వీటికి తెలుగు మంచిగ చదివే మనిషి పేరు అప్రూవర్‌గ ఉండాలె, ఆ మనిషికి కోడింగ్ కొంచెమే వచ్చినా పర్వాలేదు. తెలుగు లెక్చరర్ ఒకరిని అడగుండ్రి, సంతోషంగ వస్తరు.

ఇగ మీరడగండ్రి.

(రెండో ఏడాది చదివే ఒక చెల్లె: సార్, మాలాంటోళ్ళకు అప్రూవల్ ఎప్పుడిస్తరు? సీనియర్లే పెట్టుకుంటున్నరు.)

మంచిగ అడిగినవ్ బిడ్డా. కుబెర్నెటీస్‌ల అయితే మెట్లు బయటికే రాసి ఉన్నయి, మెంబర్ కావాలంటే ఇద్దరు స్పాన్సర్ చేయాలె, తర్వాత కొన్ని నెలలు పని చేసి, ఇన్ని పీఆర్‌లు, అంటే పుల్ రిక్వెస్ట్‌లు, రివ్యూ చేస్తే రివ్యూయర్, ఆ పైన అప్రూవర్. అంటే అడుక్కునే పని లేదు, మెట్టు కనపడ్తది, ఎక్కుతవ్. మీ ప్రాజెక్ట్‌ల గట్ల రాయుమని అడుగు. అప్పటిదాక ఆగే పని కూడ లేదు, రివ్యూ చేయనీకి ఎవరి పర్మిషన్ అక్కరలేదు కదా, ఇయ్యాల్టి నుంచే ఒక ఫోల్డర్ పట్టుకొని దాంట్ల వచ్చే ప్రతి పీఆర్ చదివి ప్రశ్నలు రాయి. ఆ ఫోల్డర్ సంగతి నీకే ఎక్కువ తెలుసని కొన్ని రోజులకు సీనియర్లే అంటరు.

(ఒక తమ్ముడు: అన్నా, ఇద్దరు అప్రూవర్లల్ల ఒకరు సరే అని, ఒకరు వద్దంటే?)

అపాచీ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్ట్‌లల్ల మైనస్ వన్ అంటే వీటో, కోడ్ మార్పు ఆగిపోతది. గాని టెక్నికల్ కారణం చెప్పకుండ ఇచ్చిన వీటో చెల్లదు. మీరు ఇదే పెట్టుకోండ్రి. నాకు నచ్చలేదు అంటే లెక్కల లేదు, ఈ క్వెరీ పది వేల రికార్డులకు ఆగిపోతది అంటే లెక్కల ఉన్నది. కారణం చెప్పినంక కూడ తెగకపోతే పై ఫోల్డర్ అప్రూవర్ దగ్గరికి పోవాలె, అది కూడ ముందే రాసుకోండ్రి, కొట్లాట మొదలైనంక రూల్ రాస్తే ఎవరో ఒకరి దిక్కు మొగ్గుతది.

(అదే తమ్ముడు: మాకు ఇప్పటిదాక ఏ ఫైల్ లేదన్నా, ఎక్కడ మొదలుపెట్టాలె?)

గిట్ షార్ట్‌లాగ్ కమాండ్‌కు ఎస్, ఎన్ అనే ఆప్షన్లు పెట్టి ఒక్కో ఫోల్డర్ పేరిచ్చి నడపండ్రి, ఆ ఫోల్డర్ల ఎవరు ఎన్ని కమిట్లు చేసిన్రో వరుసగ వస్తది. పైన ఉన్న ఇద్దరికి ఫోన్ చేయుండ్రి, మెసేజ్ కాదు, ఫోన్. ఈ ఫోల్డర్ మీ పేరున రాయాల్నా అని అడగండ్రి. ఊ అంటే రాయుండ్రి. నాకు తీరదు అంటే థాంక్స్ చెప్పి ఎమెరిటస్‌ల పెట్టండ్రి. ఎవ్వరు దొరకని ఫోల్డర్లకు ఆర్ఫన్ అని రాసి, ఆ పట్టీ తీసుకొని వచ్చే శనివారం మీటింగ్‌ల అందరి ముందట చదవండ్రి.